గింజల నెల

ఫరంపేట, యానాం
జూన్ 24

ఆరోగ్యం వదినకి సత్యవతి రాస్తున్నది.

ఇక్కడ ఈ పూటకి అందరం బాగానే ఉన్నాం. రేపటి సంగతి చెప్పలేను. నీ చెవులు పూర్తిగా పోయాయనీ, ఫోన్లో అరిచినా వినపడటం లేదనీ మీ అమ్మాయి తెరేసా మా కోడలితో అందట. నలభై ఏళ్ళు గోడకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నవాళ్ళం, ఇప్పుడు ఉత్తరాలు రాసుకోవాల్సి వచ్చింది. ఐదో తరగతిలో మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మా మనవరాలు ధనశ్రీని బళ్ళో వేశారు. నాలుగేళ్ళు నిండలేదు. వీధి చివర డాబా ఇంట్లో కొత్తగా పెట్టారు, పద్నాలుగు మంది పిల్లలు. టీచరమ్మ పేరు సౌజన్య, కాకినాడలో చదువుకుని వచ్చింది. ఆయా మన ఫిలోమినాయే. అక్కడ పలకా బలపం లేవు వదినా. నెలకో సంగతి పెట్టుకుంటారు. ఆ నెలంతా ఆటా పాటా లెక్కా బొమ్మా అన్నీ దాని మీదే. చేత్తో పట్టుకుంటేనే చదువు వస్తుందంటుంది టీచరమ్మ. ఈ నెల మట్టి. పిల్లలు మట్టి పిసుకుతారు, పొయ్యిలు చేస్తారు, జల్లెడ పట్టి ఇసక వేరు చేస్తారు. నిన్న ధనశ్రీ గౌను జేబులో వానపాము తెచ్చింది. "మామ్మా, దీనికి కళ్ళు లేవంట, పాపం" అని నా అరచేతిలో పెట్టింది. నాకు సగం ప్రాణం పోయింది. ఇవాళ వానపాము, రేపు ఇంకోటి. వానాకాలం మట్టిలో ఏముంటుందో ఎవరికి తెలుసు?

అందుకని రోజూ వెళ్ళి ఆ బడి అరుగు మీద కూర్చుంటున్నాను. కోడలు ఎగతాళి చేస్తోంది. "అత్తయ్యగారూ, మీకూ యూనిఫాం కుట్టించమంటారా?" అని. కుట్టించనీ. కనిపెట్టుకుని ఉండటానికి ఇంకెవరున్నారు?

నువ్వు మాత్ర వేసుకుంటున్నావా? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకో.

సత్యవతి


పాలకొల్లు
జూలై 3

సత్యవతీ,

నీ ఉత్తరం తెరేసా చదివి పెడతానని చెయ్యి చాపింది. లాక్కుని నేనే చదువుకున్నాను. చెవులే పోయాయి, కళ్ళు ఉన్నాయి.

నువ్వు మారవు. మీ ఆయన కుంపటి నిప్పు ఎగిరి ఇల్లు అంటుకుంటుందని పాతికేళ్ళు బిందెతో నీళ్ళు పక్కన పెట్టుకు కూర్చున్నావు. అంటుకుందా? గోదారి పొంగిన ప్రతిసారీ మూటలు కట్టావు, మా చేత కూడా కట్టించావు. నువ్వు భయపడ్డవి ఒక్కటీ జరగలేదే. జరిగిన వాటికి ఒక్కరోజు ముందు కూడా నువ్వు భయపడలేదు. మీ ఆయన పోయిన రోజున నువ్వు పెరట్లో కొబ్బరిచెట్టు పడుతుందేమోనని దాన్నే చూస్తూ కూర్చున్నావు.

పిల్లని మట్టిలో ఆడుకోనీ. మా పుట్టినూరు అడవిపొలంలో మేం పేడలో పెరిగాం.

ఫిలోమినాని అడిగానని చెప్పు. దాని మొగుడు పోయాక ఆ ఆయా పనే దానికి ఆధారం.

ఆరోగ్యమ్మ


ఫరంపేట
జూలై 30

వదినా,

నీ మాట విని నోరు కట్టుకుందామనుకున్నాను. నా వల్ల కాలేదు. బడిలో నవ్వులపాలయ్యాను.

ఈ నెల నీళ్ళు పెట్టారు. గది మధ్యలో రెండు పెద్ద ప్లాస్టిక్ టబ్బులు. ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అని పిల్లలు ఆకులూ, చెంచాలూ, బొగ్గుముక్కలూ వేసి చూస్తారు. టబ్బులో నీళ్ళు జానెడే. కానీ సాయిదివ్య అని ఆటో వీరబాబు కూతురుంది, మూడున్నరేళ్ళది, గుప్పెడంత మనిషి. అది మొహం నీళ్ళలో పెట్టి బుడగలు తీస్తోంది. కిటికీలోంచి చూసి గట్టిగా కేక పెట్టేశాను. పరిగెత్తుకెళ్ళి దాన్ని జుట్టు పట్టుకుని పైకి లాగాను. అది బేరుమంది. మిగతా పదమూడు మందీ అందుకున్నారు. టబ్బు తిరగబడింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లులంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

టీచరమ్మ మంచిది, ఏమీ అనలేదు. "మామ్మగారూ, నేను పక్కనే ఉన్నానండి, చెయ్యి దాని వీపు మీదే ఉందండి" అంది, అంతే. వీరబాబు మాత్రం ఆటో స్టార్ట్ చేస్తూ, "ఆయ్, మామ్మగారు ఉండగా మన యానానికి తుఫాను హెచ్చరికలు అక్కర్లేదండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక మా అబ్బాయి నవ్వలేదు. "అమ్మా, ఇంకోసారి ఆ బడి అరుగెక్కితే పిల్లని మాన్పించేస్తాను" అన్నాడు. మాన్పిస్తే ధనశ్రీ ఊరుకోదు వదినా, ఆ బడంటే దానికి ప్రాణం.

ఇంక నోరెత్తను. కానీ గోడ మీద వచ్చే నెల చార్టు అంటించారు. గింజల నెలట. పెసలు, చింతపిక్కలు, ఆవాలు, కుంకుడు గింజలు, అన్నీ ఇళ్ళ నుంచి పంపమన్నారు. గింజలంటే నాకు వణుకు. గింజ ముక్కులో దూరుతుంది, చెవిలో దూరుతుంది, గొంతుకి అడ్డం పడుతుంది. ఎవరికి చెప్పుకోను? చెబితే నవ్వుతారు. చెప్పకపోతే నిద్ర రాదు.

సత్యవతి


పాలకొల్లు
ఆగస్టు 8

సత్యవతీ,

జుట్టు పట్టుకుని లాగావా? నవ్వి నవ్వి నాకు దగ్గొచ్చింది.

సరే విను. భయమేస్తే నోటితో చూపించకు, చేత్తో ఏదైనా చెయ్యి. కంసాలి ఇంట్లో యాభై ఏళ్ళు బతికావు, నీ చేతుల్లో పనితనం ఉంది. ఆ టీచరమ్మ దగ్గరికి మర్యాదగా వెళ్ళి, నాకేదైనా పని చెప్పమ్మా అని అడుగు. పని ఉంటే మనసు కుదురుగా ఉంటుంది.

ఇక్కడ వానలు. మా అల్లుడు జేవియర్ రొయ్యల మేత వ్యాను వేసుకుని వారానికి రెండుసార్లు మీ వైపు వస్తున్నాడు. ఏమైనా కావాలంటే అతనితో పంపిస్తాను.

ఆరోగ్యమ్మ


ఫరంపేట
ఆగస్టు 20

వదినా,

నువ్వు వెయ్యేళ్ళు బతకాలి. నీ మాట విన్నాను, నా పరువు నిలబడింది.

టీచరమ్మని అడిగాను. "రండి మామ్మగారూ, మీలాంటివాళ్ళే కావాలండి" అంది. ఇప్పుడు నేను అరుగు మీద కాదు, గదిలో కూర్చుంటున్నాను. గుడ్ల అట్టల గుంటల్లో పిల్లలు గింజలు వేరు చేస్తారు. చింతపిక్కలతో లెక్క పెడతారు. ఆవాలు జిగురుతో అంటించి ఏనుగు బొమ్మ చేశారు. తడిగుడ్డలో పెసలు మొలకెత్తితే, సాయిదివ్య వాటికి చెవి ఆనించి "అరుస్తున్నాయి" అంది. నేను మాత్రం ప్రతి పిల్ల ముక్కూ చూస్తూనే ఉన్నాను.

అన్ని ఇళ్ళ నుంచీ వంటింటి గింజలే వచ్చాయి. మా ఇంటి నుంచి ఏం పంపను అని ఆలోచించి, మీ అన్నయ్యగారి రేకు డబ్బా తీశాను. బంగారం తూచే గురివింద గింజలు గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి అందులో. ఎర్రగా, నెత్తిన నల్లబొట్టుతో, చూస్తే పిల్లలు వదులుతారా? మా అబ్బాయి చిన్నప్పుడు రెండు మింగేశాడు, గుర్తుందా? మర్నాడు ఎలా వెళ్ళినవి అలాగే వచ్చాయి. మీ అన్నయ్యగారు కడిగి మళ్ళీ త్రాసులో వేశారు.

కానీ విడిగా ఇస్తే ముక్కులో పెట్టుకుంటారు కదా. ఏం చేశానో చెప్పనా? గింజలన్నీ వేడినీళ్ళలో నానబెట్టాను. మెత్తబడ్డాక ఒక్కోదానికీ సన్న సూదితో అటు నుంచి ఇటు చిల్లి పొడిచాను. గట్టి దారానికి గుచ్చి, పిల్లల చేతికి సరిపడా గాజుల్లా కట్టాను. పద్నాలుగు మందికీ పద్నాలుగు. నాలుగు రోజులు పట్టింది, వేళ్ళు పుళ్ళు పడ్డాయి. నిన్న సోమవారం టీచరమ్మే అందరి చేతులకీ కట్టింది. "మామ్మగారు ఎంత జాగ్రత్త మనిషో చూశారా" అని తల్లులందరి ముందూ అంది. వీరబాబు కూడా, "మాకూ ఒకటి కట్టండి మామ్మగారూ, ఆటోకి దిష్టి తగలకుండా" అన్నాడు.

వాటిని తీయమంటే పిల్లలు తీయడం లేదట. పడుకునేటప్పుడు కూడా చేతికే ఉంటున్నాయి. సాయిదివ్య ఏదైనా నోట్లో పెట్టుకునే రకం, అది గాజుని చప్పరిస్తూనే ఉంటుంది. పోనీలే, దారం గట్టిది, ఊడిరాదు.

ఇన్నాళ్ళకి నిన్న రాత్రి హాయిగా నిద్రపోయాను.

సత్యవతి


పాలకొల్లు
ఆగస్టు 23, శుక్రవారం, పొద్దున్న

సత్యవతీ,

ఈ ఉత్తరం జేవియర్ నీ చేతికే ఇస్తాడు. నిలబడే చదువు.

ఆ గాజులు ఇప్పుడే, ఈ క్షణమే, పద్నాలుగూ తీసేయించు. ఒక్కటి కూడా ఏ పిల్ల చేతికీ ఉండకూడదు.

గురివింద గింజ విషమే. నీకు తెలీదు, కంసాలి ఇంట్లో అది తూకం. పశువులున్న ఇంట్లో అదేమిటో నాకు తెలుసు. అడవిపొలంలో మా నాన్న మీద కక్షతో ఎవరో గురివింద పప్పు నూరి, ముల్లులా చేసి, మా గిత్త తొడలో గుచ్చారు. మూడు రోజుల్లో కొయ్యబారి పడిపోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

గింజ అలాగే మింగితే అలాగే బయటికి పోతుంది, నువ్వన్నది నిజమే. పైతోలు రాయిలా ఉంటుంది కాబట్టి. నువ్వు ఆ తోలుని నానబెట్టి, దానికి చిల్లి పెట్టావు. ఇప్పుడు చప్పరించినా, కొరికినా, లోపలిది పిల్ల ఒంట్లోకి పోతుంది. వెంటనే ఏమీ తెలీదు. గంటలు పట్టొచ్చు, రోజులు పట్టొచ్చు. తర్వాత వాంతులు, విరేచనాలు, రక్తం.

నీ ఉత్తరం చదవగానే తెరేసా చేత మీ ఇంటికి ఫోన్ చేయించాను. మీ కోడలు ఎత్తింది. "ఇక్కడ ఒకావిడ చాలదని అక్కడ ఇంకో ఆవిడ మొదలెట్టారా?" అని నవ్వి పెట్టేసిందట. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అందుకే బండి పంపిస్తున్నాను.

చెయ్యి, ఆలోచించకు.

ఆరోగ్యమ్మ


ఫరంపేట
ఆగస్టు 23, మధ్యాహ్నం

వదినా,

జేవియర్ బండి దగ్గర నిలబడ్డాడు, తొందరగా రాస్తున్నాను. అక్షరాలు కుదరడం లేదు.

తీసేశాను. బడికి వెళ్ళి, దారాలు వదులయ్యాయమ్మా, గట్టిగా కట్టి మళ్ళీ తెస్తాను అని చెప్పి అందరి చేతులవీ విప్పుకున్నాను. ధనశ్రీది కూడా. పిల్లలు ఏడ్చారు. పదమూడు వచ్చాయి. సాయిదివ్య నిన్నటి నుంచి బడికి రాలేదట. వాళ్ళింటికి వెళ్ళాను.

అది మంచం మీద ఉంది వదినా. మొన్న సాయంత్రం నుంచి వాంతులట. కళ్ళు లోపలికి పోయాయి. వాళ్ళమ్మ చెంచాతో నీళ్ళు పోస్తుంటే అవీ నిలవడం లేదు. వీధిలో మందులిచ్చే ఆయన చూసి, బళ్ళో ఫిలోమినా పోసే పాలు పడలేదన్నాడట. గాజు మేకుకి తగిలించి ఉంది. తీసి కొంగులో వేసుకున్నాను. ఇంటికొచ్చి లెక్క చూస్తే ఐదు గింజలే. చేతికి ఏడేసి గుచ్చాను.

రెండూ ఎక్కడో రాలిపోయి ఉంటాయి. పిల్లలన్నాక లాగుతారు కదా. పాలే అయ్యుంటాయి. ఎండకి పాలు విరగవా?

వాళ్ళింటికి వెళ్ళకముందు, నేను ఇంకా బడి దగ్గర ఉండగానే, వీరబాబు ఆటో అడ్డంగా పెట్టి ఫిలోమినా మీద అరిచాడు. "నా కూతురికి ఏం పోశావే? నిన్నటి పాలు ఇవాళ పోశావా? చెప్పు!" అని. ఫిలోమినా మెడలో సిలువ పట్టుకుని, "మా ఆయన మీద ఒట్టు బాబూ, పొద్దున పిండిన పాలేనయ్యా, నేనూ అవే తాగాను" అని ఏడుస్తోంది. ఎవరూ వినలేదు. సోమవారం నుంచి రావద్దని టీచరమ్మ తల దించుకుని చెప్పింది.

నేను అక్కడే ఉన్నాను. కొంగులో పదమూడు గాజులూ ఉన్నాయి.

చెప్పడానికి నోరు తెరిచాను వదినా. రాలేదు. చిన్నదానికీ పెద్దదానికీ ఊరంతా అరిచేదాన్ని, ఇప్పుడు గొంతులో ఏదో అడ్డం పడింది. చెబితే వీరబాబు మా అబ్బాయిని వదులుతాడా? పోలీసులొస్తే? ధనశ్రీని చూసి, నీ మామ్మే పెట్టింది అంటారు జీవితాంతం. పాలే అయితే నేను చెప్పి ఏం లాభం? సాయంత్రానికి తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్తామన్నారు. తగ్గిపోతుంది. తగ్గిపోతుందని నువ్వు కూడా అనుకో.

గాజులు బియ్యం డబ్బా వెనకాల దాచాను.

సత్యవతి


పాలకొల్లు
ఆగస్టు 24, తెల్లవారుతూనే

సత్యవతీ,

జేవియర్‌కి అంతా చెప్పాను. అతను నీ గుమ్మంలో నిలబడి ఉంటాడు. నువ్వు చదివేదాకా కదలడు.

చదవగానే ఆ గాజులు తీసుకుని బండెక్కు. పిల్ల ఏ ఆసుపత్రిలో ఉంటే అక్కడికి వెళ్ళి, డాక్టరు ముందు నీ నోటితో "గురివింద గింజ, చిల్లి పొడిచినది, రెండు" అని చెప్పు. పాలనుకుని పాలకి మందు వేస్తున్నారు. ఏం తిన్నదో తెలిస్తేనే దేనికి సిద్ధపడాలో వాళ్ళకి తెలుస్తుంది. నిన్న నువ్వు చెప్పి ఉంటే ఒక రోజు కలిసొచ్చేది.

నువ్వు చెప్పకపోతే జేవియర్ చెప్తాడు. అది నీకు ఇంకా సిగ్గుచేటు. చేత్తో ఏదైనా చెయ్యమని నీకు చెప్పింది నేను. అది నేను మోస్తాను. ఇది నువ్వు మొయ్యి.

ఫిలోమినా తల వంచుకుని నిలబడితే చూస్తూ ఊరుకున్నావు చూడు, ఆ సంగతి మనం తర్వాత మాట్లాడుకుందాం.

పద.

ఆరోగ్యమ్మ


ఆసుపత్రి, యానాం
ఆగస్టు 25, ఆదివారం

వదినా,

నర్సమ్మ కాగితం ఇస్తే బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. జేవియర్ రేపు పట్టుకొస్తాడు.

వెళ్ళాను. సాయిదివ్యని మొన్న రాత్రే ఇక్కడ చేర్చారు, రక్తం పడుతోందని. నిన్న నేను వెళ్ళేసరికి వరండాలో వీరబాబు నేల మీద కూర్చుని ఉన్నాడు. అతన్ని దాటితే మళ్ళీ చెప్పలేనని, ముందు అతని ముందే కూలబడ్డాను. గాజులన్నీ నేల మీద పోసి, "బాబూ, పాలు కాదు. నేను చేసింది ఇది" అన్నాను. అతనికి అర్థం కాలేదు. "ఏంటి మామ్మగారూ, మళ్ళీ మొదలెట్టారా?" అన్నాడు. తుఫాను హెచ్చరికలన్నప్పటి మనిషి కాడు, మొహంలో నెత్తురు లేదు. అప్పుడు జేవియర్ లోపలికెళ్ళి డాక్టరుని పిలుచుకొచ్చాడు.

డాక్టరు చిన్నవాడు. గింజ చేతిలోకి తీసుకుని చిల్లి చూశాడు. "ఎన్ని తగ్గాయి? ఎప్పుడు కట్టారు? నానబెట్టారా?" అని వరసగా అడిగాడు. అన్నీ చెప్పాను. దీనికి విరుగుడు మందంటూ లేదమ్మా, ఒంట్లోంచి పోయేదాకా నీళ్ళెక్కిస్తూ, గుండే కిడ్నీలూ కనిపెట్టుకుని ఉండటమే అన్నాడు. నిన్నే తెలిసి ఉంటే బాగుండేదన్నాడు. ఆ మాట మెల్లిగానే అన్నాడు. వీరబాబు విన్నాడు. లేచి నా మీదికి రాబోయి, మళ్ళీ గోడకి తల ఆనించి నిలబడిపోయాడు. కొట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

తర్వాత మిగతా పదమూడు మందినీ పిలిపించారు. టీచరమ్మే అందరికీ ఫోన్లు చేసింది. తల్లులు, పిల్లలు, వరండా నిండిపోయింది. ఫిలోమినా కూడా వచ్చింది. నా వైపు చూడలేదు. పిల్లల్ని దగ్గరికి తీసుకుని నీళ్ళు తాగిస్తూ ఉంది. మొన్న తన మాట వినని తల్లుల పిల్లల్నే. డాక్టరు ఒక్కో గాజూ బల్ల మీద పెట్టించి పైకి లెక్కపెట్టించాడు. ఏడు. ఏడు. ఏడు. ఏడు వచ్చిన ప్రతి తల్లీ ఏడ్చి, పిల్లని ఎత్తుకుంది. ధనశ్రీది కూడా ఏడే. మా కోడలు "అమ్మయ్య" అని నన్ను పట్టుకుంది. డాక్టరు, "అదృష్టవంతులు, ఒక్క పిల్లే" అన్నాడు. నర్సమ్మ కాగితం మీద గీత కొట్టేసింది.

వదినా, ధనశ్రీ గాజుకి నేను ఎనిమిది గుచ్చాను.

ఎవరికీ తెలీదు. నీక్కూడా రాయలేదు. అందరికీ ఏడు పెట్టి, మన పిల్లకి ఒకటి ఎక్కువ ఉండాలనిపించింది. కొంచెం నిండుగా కనబడుతుందని. అంతే. మొన్న బడిలో విప్పుకున్నప్పుడు లెక్క చూడలేదు. ఇంటికొచ్చాక సాయిదివ్యది తప్ప ఇంకేదీ చూడలేదు.

కోడలు చేతులు నా భుజాల మీదే ఉన్నాయి. అందరూ ఇళ్ళకి బయల్దేరుతున్నారు. ధనశ్రీ ఫిలోమినా ఒళ్ళో కూర్చుని ఏదో పాట పాడుతోంది, దానికి జబ్బు ఏమీ లేదు. మొన్నటిలా గొంతులో అడ్డం పడేలోపే కేక పెట్టాను. "మాది ఎనిమిది! డాక్టరుగారూ, మా పిల్లది ఎనిమిది!" అని. ఎవరూ నవ్వలేదు.

పిల్లని అడిగారు. కొరికానంది. చేదుగా ఉంది, ఉమ్మేశానంది. ఇంకోసారి అడిగితే మింగేశానంది. మూడోసారి అడిగితే పిల్లికి పెట్టానంది. ఎప్పుడమ్మా అంటే "నిన్న" అంటుంది. దానికి అన్నీ నిన్నే. కోడలు నన్ను వదిలేసి రెండడుగులు వెనక్కి వెళ్ళింది. మా అబ్బాయి వచ్చి, వాడూ ఆవిడ పక్కకే వెళ్ళి నిలబడ్డాడు.

ధనశ్రీని సాయిదివ్య పక్క మంచం మీదే పడుకోబెట్టారు. సాయిదివ్య ఇవాళ పొద్దున కళ్ళు తెరిచి, వాళ్ళమ్మని నీళ్ళడిగింది. ఆ నీళ్ళు కడుపులో నిలబడ్డాయి. కిడ్నీల సంగతి ఇంకా చెప్పలేమంటున్నారు. వీరబాబు నన్ను గదిలోకి రానివ్వద్దన్నాడు. న్యాయమే. తలుపు అద్దంలోంచి చూస్తున్నాను. ఫిలోమినా రెండు మంచాల మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది. ఒక చెయ్యి దాని మీద, ఒక చెయ్యి దీని మీద.

ధనశ్రీకి ఇప్పటిదాకా ఏమీ లేదు. ఇడ్లీ తింది. కాలు ఊపుతోంది. మూడు రోజులు గడిస్తేనే గట్టెక్కినట్టని డాక్టరు అన్నాడు.

ఇవాళ రెండో రోజు. ఇందాక కడుపు పట్టుకుని "మామ్మేదీ?" అందట. ఫిలోమినా బయటికొచ్చి చెప్పింది. ఆకలికో, దేనికో తెలీదు. డాక్టరుని పిలవడానికి నర్సమ్మ పరిగెత్తింది.

సత్యవతి